చెరువు పక్కన ఇల్లు: ఒక కలకి కొన్ని కొలతలు

"రిటైరయ్యాక ఎక్కడుంటావ్?" అని మన హాస్టల్లో ఎవర్నైనా అడిగి చూడండి. ఇంకా మొదటి ఉద్యోగమే రాని వాళ్ళు కూడా ఠక్కున చెప్పేస్తారు: ఊరికి కాస్త దూరంగా ఒక చెరువు, పక్కన చిన్న ఇల్లు, అరుగు మీద వాలుకుర్చీ, చేతిలో పుస్తకం. కల బాగానే ఉంది. కానీ మనం చదివేది ఇంజనీరింగ్ కదా, కల కన్నాక కొలతలు కూడా వేసి చూడాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ కలని మనకంటే ముందు నిజం చేసుకోబోయేది మన అమ్మానాన్నలు. మన చదువు అయ్యేసరికి చాలా ఇళ్ళల్లో నాన్నగారి పదవీ విరమణ దగ్గర పడుతుంది. ఆ పీఎఫ్ డబ్బు వచ్చే వేళకి "లేక్ వ్యూ ప్లాట్లు" అనే రంగుల కాగితం కూడా ఇంటికి వస్తుంది. ఆ రోజు ఇంట్లో నలుగురూ మన మొహమే చూస్తారు. అప్పుడు ఏం చెప్పాలో ఇప్పుడే తేల్చుకుందాం.

మన లెక్క కోసం వరంగల్ వైపు ఒక మామూలు ఊరి చెరువు అనుకుందాం. ఒక కట్ట, ఒక మత్తడి, రెండు తూములు, కట్ట మీద మైసమ్మ గుడి. అక్షాంశం సుమారు 18 డిగ్రీల ఉత్తరం. ఇంట్లో ఉండేది అరవై దాటిన ఇద్దరు.

1. ముందు చెరువుని చదవాలి

మన చెరువులు చాలావరకు వాటంతట అవి ఏర్పడిన సరస్సులు కావు, మనుషులు కట్టినవి. రామప్ప, పాకాల లాంటివి కాకతీయుల నాటి 13వ శతాబ్దపు కట్టడాలు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటుంది. దాన్ని చెరువు నిర్మాణం మీద ఒక చిన్న పాఠ్యపుస్తకం అనొచ్చు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ అందులో చెప్పారు. ఆ చెరువు కట్టడానికి రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ కాలం పట్టిందని కూడా రాశారు.

ఆ ఆరు దోషాల్లో ఒకటి మన కలకి సూటిగా తగులుతుంది: నీరు ఎక్కువై, అది నిలవడానికి నేల తక్కువ కావడం. చెరువు శిఖంలో మట్టి పోసి ప్లాట్లు చేస్తే జరిగేది అచ్చంగా ఇదే. వాన తగ్గదు, చెరువు మాత్రం చిన్నదవుతుంది. ఆరు వందల ఏళ్ళ కిందటే దోషం అని రాసిపెట్టిన దాన్ని మనం వెంచర్ అని పిలుస్తున్నాం.

మే నెలలో ప్లాటు చూడ్డానికి వెళ్తే నీళ్ళు ఎక్కడో దూరంగా మెరుస్తుంటాయి. మన కాళ్ళ కింద చదునైన ఎండు నేల. "నీళ్ళు ఇక్కడిదాకా రావు సార్" అంటారు. లెక్క చూడండి. నేల వాలు 200కి 1 అయితే నీటి మట్టం ఒక్క మీటరు పెరగ్గానే నీరు 200 మీటర్లు ముందుకొస్తుంది. అందుకే చూడాల్సింది నీళ్ళు ఇవాళ ఎక్కడున్నాయని కాదు. చెరువు నిండినప్పటి పూర్తి మట్టం, అంటే ఎఫ్‌టీఎల్, ఎక్కడుందని.

2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. కానీ అదే 200కి 1 వాలులో 30 మీటర్ల దూరం అంటే ఎత్తులో తేడా 15 సెంటీమీటర్లే. మెట్టు ఒక్కటి! నిబంధన పాటించినా కాళ్ళు తడవొచ్చన్నమాట. కాబట్టి మన ఇంటికి దూరంతో పాటు ఎత్తు కూడా చూద్దాం: ఇంటి పునాది మట్టం చెరువు కట్ట తలకంటే పైన ఉండాలి. మత్తడి దుంకినప్పుడు నీళ్ళు పోయే వాగుకి అడ్డం ఉండకూడదు. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో హైదరాబాదు వరదలు చూసిన వాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా 1948లో బెంతోట దగ్గర దెద్దువ సరస్సు పక్కన లునుగంగ అనే తోట కొన్నారు. 2003లో చనిపోయేదాకా దాన్ని దిద్దుకుంటూనే ఉన్నారు. ఆయన ఇల్లు ఉన్నది నీటి అంచున కాదు, పైన గుట్ట మీద. అక్కణ్ణుంచి చూపు తోట మీదుగా నీటి దాకా సాగుతుంది. చెరువు కంటికి ఆనాలంటే దానిలోకి దిగక్కర్లేదు.

2. ఏ ఒడ్డున?

మనకి వానాకాలపు గాలి ప్రధానంగా నైరుతి, పడమరల నుంచి వస్తుంది. ఆ గాలి నీటి మీదుగా రావాలంటే ఇల్లు తూర్పు ఒడ్డున గానీ ఉత్తరపు ఒడ్డున గానీ ఉండాలి. తూర్పు ఒడ్డున అయితే సూర్యాస్తమయం కనిపిస్తుందని సంబరపడతాం. ఫిజిక్స్ వేరే మాట చెబుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నిశ్చలమైన నీరు వెలుగులో 2 శాతమే వెనక్కి కొడుతుంది. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తుకి దిగాక దాదాపు మూడో వంతు కొడుతుంది. ఒక సూర్యుడు ఆకాశంలో, ఇంకో సూర్యుడు నీళ్ళలో. శుక్లాలు మొదలైన కళ్ళకి అది అందం కాదు, బాధ.

ఉత్తరపు ఒడ్డు అయితే నీళ్ళు దక్షిణాన ఉంటాయి. ఇక్కడ చిన్న లెక్క. మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 72 డిగ్రీలు. 60 సెంటీమీటర్ల సజ్జా వేస్తే నీడ 1.85 మీటర్లు కిందికి దిగుతుంది. 1.2 మీటర్ల కిటికీ మొత్తం నీడలోనే. డిసెంబరులో సూర్యుడి ఎత్తు 48.5 డిగ్రీలు. అదే సజ్జా నీడ 68 సెంటీమీటర్లకే ఆగిపోతుంది. కిటికీ కింది అర మీటరు లోంచి ఎండ లోపలికి వస్తుంది. చలికాలంలో మోకాళ్ళ నొప్పులకి కావాల్సింది అదే. ఒక్క సజ్జాతో రెండు కాలాలకీ సరిపోయింది.

"దక్షిణ ముఖమా? అమ్మమ్మ ఒప్పుకోదు" అంటారా? గుమ్మం తూర్పుకి పెట్టండి, అరుగు దక్షిణానికి వేయండి. గొడవ లేదు.

చెరువు ఏసీలా పనిచేస్తుందని మాత్రం ఆశపడొద్దు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న పొడి గాలిని నీటితో ఎంత చల్లబరిచినా 22 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఆగుతుంది. అది పైపరిమితి మాత్రమే, చిన్న చెరువు అంత చేయలేదు. పైగా మే నెలకి అదే సగం ఎండిపోయి ఉంటుంది. ఇక కొల్లేరు దగ్గరైతే 34 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుంటే ఆ పరిమితే 30 డిగ్రీలు. అంటే తెలంగాణ మెట్టలో పనికొచ్చే తడికెలు, వట్టివేళ్ళు కోస్తాలో పనికిరావు. అక్కడ ఎదురెదురు కిటికీలే దిక్కు. ఇంటి నమూనాని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాపీ కొట్టకూడదన్నది ఇందుకే.

3. గిజిగాడు, చెదపుట్ట

ప్రకృతి స్ఫూర్తి అంటే గోడ మీద నెమలి బొమ్మ కాదు. ప్రకృతి ఒక సమస్యని ఎలా తీర్చిందో చూడటం. గిజిగాడు తన గూడుని తరచు నీటి మీదికి వంగిన కొమ్మకి వేలాడదీస్తుంది. చాలాసార్లు చెట్టుకి తూర్పు వైపున కడుతుంది, నైరుతి వానగాలి నేరుగా తగలకుండా. ముక్కుతో మోసుకొచ్చిన తడి మట్టి లోపల పూస్తుంది. స్థలం ఎంపిక, దిక్కు, సామగ్రి: మూడూ తేల్చుకున్నాకే కట్టడం.

హరారేలో 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ భవనాన్ని మిక్ పియర్స్ చెదపుట్టల స్ఫూర్తితో రూపొందించారు. రాత్రి చల్లగాలితో బరువైన కాంక్రీటుని చల్లబరిచి, పగలు ఆ చలవని వాడుకోవడం దాని కిటుకు. పుట్టలో గాలి కదిలే తీరు అప్పట్లో అనుకున్నంత సరళం కాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా భవనం చక్కగా పనిచేస్తోంది! మన ఇంటికి దీన్ని అన్వయిస్తే: మందపాటి గోడలు, రాత్రి తెరిచి పగలు మూసే పై కిటికీలు, కప్పు దగ్గర వేడిగాలి పోయే సందులు.

పడమటి గోడకి వేపచెట్టు. వేసవి ముదిరేలోపే ఆకు రాల్చి చిగురు వేసుకుంటుంది. అయితే నల్లరేగడిలో చెట్టు గోడకి మరీ దగ్గర వద్దు. వేళ్ళు నీరు లాగితే మట్టి కుంచించుకుపోయి గోడ నెర్రెలిస్తుంది.

4. నేల, గోడ, కప్పు

రేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. దీనికోసం రూర్కీలోని సీబీఆర్ఐ వాళ్ళు అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని అభివృద్ధి చేశారు. పైన మట్టి ఎంత ఆడినా, కదలిక లేని లోతుకి దిగిన ఉబ్బు కాళ్ళ మీద ఇల్లు నిలబడుతుంది. గోడలకి లారీ బేకర్ ప్రచారం చేసిన రాట్ ట్రాప్ బాండ్. ఇటుకని నిలువు అంచు మీద పేరిస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఇటుకలు పావు వంతు దాకా తగ్గుతాయి, ఖాళీలో గాలి వేడిని ఆపుతుంది.

కప్పుకి మంగళూరు పెంకులు బాగుంటాయి గానీ మన దగ్గర కోతుల సంగతి తెలిసిందే, వారంలో పీకి పందిరి వేస్తాయి. అందుకని ఫిల్లర్ స్లాబ్. స్లాబులో కింది సగం కాంక్రీటు లాగుడు బలాన్ని మోయదు, ఆ పని ఇనుముది. అక్కడ కాంక్రీటు బదులు పెంకులు పెడితే సిమెంటు మిగులుతుంది, వేడీ తగ్గుతుంది.

5. మురుగు ఎటు పోతుంది?

ఇది ఎవరూ కలగనని భాగం. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున ఇద్దరికి 270. అందులో దాదాపు 80 శాతం, అంటే 216 లీటర్లు, వాడిన నీరుగా బయటికొస్తాయి. సబ్బు నీళ్ళలోని ఫాస్ఫేట్లు చెరువులో చేరితే ముందు నాచు, తర్వాత గుర్రపుడెక్క. పదేళ్ళలో మన లేక్ వ్యూ ఒక పచ్చటి చాప. కాబట్టి స్నానాల నీళ్ళు కంకర నింపిన మెట్టతామర మడి గుండా పోయి పెరటి మొక్కలకే ఇంకాలి. మరుగుదొడ్డి గుంట ఇంటికి చెరువు లేని వైపున. చెరువులోకి ఒక్క గొట్టం కూడా వద్దు.

6. అరవై దాటిన కాళ్ళు

45 సెంటీమీటర్ల పునాది ఎక్కడానికి 12కి 1 వాలుతో ర్యాంపు వేస్తే 5.4 మీటర్ల పొడవు కావాలి. ఇది మొదటి రోజే ప్లానులో పెట్టాలి, తుంటి విరిగాక కాదు. తలుపులు 90 సెంటీమీటర్లు, చక్రాల కుర్చీ పట్టేలా. గడప నేలతో సమంగా ఉండనివ్వండి, పసుపు రాసి బొట్లు పెట్టడానికి ఎత్తు అక్కర్లేదు. బాత్రూంలో నునుపు టైల్స్ వద్దు, గరుకు నాపరాయి వేసి గోడకి పట్టుకునే కడ్డీలు బిగించండి.

అన్నిటికంటే పెద్ద కొలత ఒకటుంది: పక్కింటికి ఎంత దూరం? అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే చెరువు లేచి రాదు, మనిషి రావాలి. అందుకే మన ఇల్లు ఊరికి నడిచే దూరంలోనే ఉండాలి. కట్ట మీద పొద్దున్నే వలలు ఆరేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, గొర్రెలు తోలుకెళ్ళేవాళ్ళు ఉంటారు. సద్దుల నాడు ఆడవాళ్ళంతా బతుకమ్మల్ని అక్కడికే తెస్తారు. చెరువుకి కంచె వేసి "మా వ్యూ" అనుకుంటే ఈ మనుషులంతా పోతారు. మిగిలేది నీళ్ళూ, ఇద్దరు ముసలివాళ్ళూ.

కాబట్టి ఆ రంగుల కాగితం ఇంటికి వచ్చిన రోజు మూడు ప్రశ్నలు అడగండి. ఎఫ్‌టీఎల్ రాయి ఎక్కడుంది? మత్తడి నీళ్ళు ఎటు పోతాయి? మురుగు ఎటు పోతుంది? మూడింటికీ నేల మీద వేలు పెట్టి చూపిస్తేనే మాట్లాడండి. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అంటే, నాన్నగారిని లేవదీసుకుని వచ్చేయండి. సాయంత్రాలు చెరువుని చూడటానికి కట్ట ఎలాగూ ఉంది. అది అందరిదీ.