వేసవిలో చేపలవేట – పంచాయతీల కర్తవ్యము

మూసారాంబాగును దాటిన మూసీనది తూర్పు గ్రామములకు సాగును. ఆ గ్రామముల చెరువులయందు వేసవిలో చేపలవేటను నియంత్రింపవలయునా? పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన ప్రశ్న యిది.

నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. లీటరు మంచినీరు 20 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనును. 30 డిగ్రీలవద్ద 7.5 మాత్రమే. నగరపు మురుగు కలిసినచో అది మరింత క్షీణించును. కొర్రమీను పైకివచ్చి గాలి పీల్చుకొనును. బొచ్చె, రవ్వలకు ఆ శక్తి లేదు. వలలో అలసిన పిల్లచేపను తిరిగి నీట వదలినను బ్రతుకుట కష్టము.

అమెరికాలోని మోంటానా రాష్ట్రమున నదీజలము వరుసగా మూడుదినములు సుమారు 23 డిగ్రీలకు చేరినచో, ట్రౌటు చేపలవేటను మధ్యాహ్నము 2 గంటలనుండి అర్ధరాత్రివరకు నిలుపు పద్ధతి కలదు. ట్రౌటు చల్లని నీటి చేప. మన చేపలు ఎండకు అలవాటుపడినవి. కావున ఆ హద్దు మనకు చెల్లదు. వేళను బట్టి వేటను నియమించు పద్ధతి మాత్రము చెల్లును.

వేటను పూర్తిగా నిషేధించినచో మత్స్యకారుల జీవనమునకు చేటు. ఎండిపోవు చెరువులో చేపలను ముందుగనే పట్టుట మేలు. నీరు నిలుచు చెరువు విషయమున మత్స్యకారుల సహకార సంఘముతో సంప్రదించి మూడు కట్టుబాట్లు చేసికొందము. మిట్టమధ్యాహ్నము వల వేయరాదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ కనుక, ప్రొద్దుపొడిచి కొంతసేపైన పిదపనే వేట సాగింపవలెను. లోతైన మడుగును వేటకు విడిచిపెట్టరాదు. అందు మిగిలిన కొర్రమీనులే వానకాలమున చెరువును మరల పిల్లలతో నింపును.