నవ్వించు విద్య, విను విద్య

హాస్యమునకు నాలుక ప్రధానము. సంభాషణమునకు చెవి ప్రధానము. ఈ రెండు విద్యలును ఒక్కనియందు కుదురుట అరుదు.

తెలుగు హాస్యనటుఁడు ఆలీ చరిత్రమునందు ఈ భేదము చక్కగఁ గానవచ్చును. ఆయన 1981లో వెలువడిన ‘సీతాకోకచిలుక’ చలనచిత్రమున బాలనటుఁడుగా పేరొందెను. 1994లో ‘యమలీల’యందు కథానాయకుఁడయ్యెను. పెక్కు చిత్రములందు జనులను నవ్వించిన పిదప, 2016లో ఈటీవీ టెలివిజనునందు ‘ఆలీతో సరదాగా’ అను ఇష్టాగోష్ఠిని నడుప నారంభించెను.

అచట పని వేఱు. హాస్యగాఁడు సభవారి కన్నులన్నియు తనపై నిలువఁ గోరును; గోష్ఠి నడుపువాఁడు వానిని అతిథివైపు మరల్పవలెను. అతిథి బిడియము పోవువఱకే పరిహాసము. పిమ్మట మిన్నకుండుటయే నేర్పు. అందువలననే, తెరమఱుఁగైన పాతతరము నటులు పలువురు అచట తమ కష్టసుఖములను మనసు విప్పి చెప్పుకొనఁగలిగిరి.

మన పత్తర్‌గట్టిలో ముత్యములమ్ము వర్తకునికిని ఈ నేర్పే ఆధారము. కొనవచ్చినవారి కోరిక వినకయే సరకు పఱచువాఁడు బేరము పోఁగొట్టుకొనును.

బాలబాలికలారా! తోడివాఁడు మాటాడుచుండఁగా నడుమ చమత్కరించి తరగతిని నవ్వించుట సులభము. ఆ నవ్వులో వాఁడు చెప్పఁదలఁచినది మునిఁగిపోయెనేమో విచారింపుఁడు.