ఆంగ్ల సాహిత్యము చదువబోవు మనుమరాలికి



ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. చదువుటకు నీకు ప్రవేశము లభించినదని తెలిసి మిక్కిలి సంతసించితిని. ఆ చదువు వలన ఏయే యుద్యోగములు లభించునో తెలుపుమని నీవును, అసలు ఒక్క యుద్యోగమైనను లభించునా యని మీ నాన్నయు, ఒక్క కవరులోనే రెండు ప్రశ్నలు పంపితిరి. కొడుకు ప్రశ్నకు బదులు చెప్పినచో మనుమరాలి ప్రశ్న సగము తీఱును గావున అచ్చటనే ప్రారంభించుచున్నాను.

మీ నాన్న సందేహము నిష్కారణమైనది కాదు. ఇంజనీరింగు చదివిన బాలుడును, ఫార్మసీ చదివిన బాలికయు ధారాళముగా ఆంగ్లము మాటలాడుచుండగా, ఆ భాషకొఱకై ప్రత్యేకముగా రెండేండ్లు వెచ్చించుట యేల యని ఆయన తలంపు. మాటకారితనమే ఆంగ్లవిద్య యగునేని ఆయన పక్షమే నెగ్గును. గురజాడవారి ‘కన్యాశుల్కము’ నాటకమందలి గిరీశమునకు ఆ విద్య పుష్కలముగా నున్నది. దానితోనే యతడు శిష్యుడు వేంకటేశము తల్లియగు వెంకమ్మగారిని మురిపించి, ఆమె భర్త అగ్నిహోత్రావధానులుగారి యింట గురుపీఠము సంపాదించుకొనెను. ఆ గురువు వలన వేంకటేశమునకు చుట్ట కాల్చుటకు మించి యేమబ్బినదో ఆ నాటకము చూచినవారందఱెఱుగుదురు. విశ్వవిద్యాలయము నేర్పవలసినది వేఱు: ఒక వాక్యము ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పుచున్నట్లు నటించుచున్నదో, ఏమి దాచుచున్నదో కనిపెట్టి, కనిపెట్టిన దానిని పరులకు విశదమగునట్లు నాలుగు పుటలలో వ్రాయగలుగుట.

నీవు చేరనున్న చోటు సామాన్యమైనది కాదు. 1926లో స్థాపింపబడి, కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులుగా నడపిన ఆ పరిషత్తులో, కె.ఆర్. శ్రీనివాస అయ్యంగారు ఆంగ్లాచార్యులై యుండి, భారతీయులు ఆంగ్లమున వ్రాసిన గ్రంథములును పండితులు శ్రద్ధతో చదువదగినవేయని చాటి, 1962లో ఆ సాహిత్యమునకు బృహత్తరమైన చరిత్ర వెలువరించిరి. నీ పాఠ్యప్రణాళికలో షేక్‌స్పియరు, మిల్టనుల ప్రక్కన రాజారావు ‘కాంతాపుర’ కనిపించినచో, దాని వెనుక అట్టి పెద్దల పరిశ్రమ కలదని తలంచుకొనుము.

అయితే ఆ గ్రంథములకును విద్యార్థికిని నడుమ గైడు అనునదొకటి అడ్డుగా నిలిచియున్నది. పరీక్షకు పది దినములు ముందు బజారులో దానిని కొని, కథాసంగ్రహమును, పాత్రల స్వభావమును కంఠస్థము చేసి, మూలమును ఒక్కసారియైన విప్పకయే ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైన వారిని నేనెఱుగుదును. ఉద్యోగపు ముఖపరీక్షలో, మీకు నచ్చిన పుస్తకమేది యని యడిగినంతనే వారి నోట మాట రాకపోవుటయు ఎఱుగుదును. షేక్‌స్పియరు నాటకమందలి ఒథెల్లో అసూయాపరుడని గైడు చెప్పును. కాని మూడవ అంకము మూడవ రంగమున ఇయాగో తొలుత ఏ యారోపణమును తిన్నగా చేయక, ఒథెల్లో పలికిన మాటలనే తిరిగి పలుకుచు, చెప్పబోయి మానుచు, ఆ యసూయకు ఎట్లు అంటుకట్టునో మూలము చదివినవారికే తెలియును. ఆ రంగమును అట్లు ఒక్కసారి చదివినవారు ఎన్నికల ప్రసంగమును గాని, బీమా పత్రమందలి నిబంధనలను గాని మునుపటివలె చదువజాలరు.

ఇక జీవనోపాధి. బోధనవృత్తి అందఱెఱిగినదే. పాఠశాలయందైనచో బి.ఇడి., టెట్, డి.ఎస్.సి. అను మెట్లెక్కవలెను, డిగ్రీ కళాశాలయందైనచో ఎం.ఏ.లో సామాన్యముగా నూటికి 55 మార్కులును, నెట్ గాని రాష్ట్రమువారి సెట్ గాని ఉత్తీర్ణతయు కావలెను. ప్రైవేటు కళాశాలలలో జీతములు స్వల్పములనియు, ప్రభుత్వ నియామకముల ప్రకటన ఎప్పుడు వెలువడునో చెప్పరాదనియు నీకు దాచను. అయినను బోధనయందే మక్కువ కలిగెనేని, ఎం.ఏ. పిదప హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమును చూడుము. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన అచ్చట ధ్వనిశాస్త్రమును, భాషాబోధన పద్ధతులను ప్రత్యేకముగా అభ్యసింపవచ్చును.

జనులు అంతగా తలంపని త్రోవ యొకటి న్యాయస్థానములయందున్నది. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి, పార్లమెంటు వేఱు విధముగా శాసించువఱకు, హైకోర్టు వ్యవహారము ఆంగ్లముననే జరుగవలెను. క్రింది కోర్టులలోనో, సాక్షులు తెలుగున చెప్పుదురు, దస్తావేజులు తెలుగున నుండును. కావున అప్పీలుతో పాటు వాంగ్మూలములు, వీలునామాలు, క్రయదస్తావేజులు ఆంగ్లమున మాఱి పైకి పోవలసియుండును. పాతకాలపు క్రయదస్తావేజు నెన్నడైన చూచితివా? విరామచిహ్నమొక్కటియు లేక, తాతల పేర్లతో మొదలై, అప్పును, వడ్డీని, నాలుగు హద్దులను, బావిలో పాలును, చెట్టుచేమలను చుట్టబెట్టుకొని, పుటన్నర నడచి గాని వాక్యము ముగియదు. అందు అమ్మినదెవరు, కొన్నదెవరు, బావిలో పాలు అమ్మకమున చేరినదా లేదా యని విడదీయుటయు, మిల్టను దీర్ఘవాక్యములో కర్తను వెదకి పట్టుకొనుటయు ఒక్కటే శ్రమ. నా శిష్యుడొకడు ఆ పనియందే స్థిరపడినాడు. తరగతిలో అతడు అనర్గళముగా మాటలాడినవాడు కాడు. అర్థము కాని పంక్తిని విడిచి ముందునకు పోయినవాడును కాడు.

పత్రికలలో ఉపసంపాదకత్వము, ప్రచురణాలయములలో ప్రతులు దిద్దుట, సాఫ్ట్‌వేరు సంస్థలలో వాడుకదారులకు సూచనలు వ్రాయుట మొదలగునవియు కలవు. యంత్రములే వాక్యములల్లుచున్న యీ దినములలో మామూలు వ్యాసములు వ్రాసియిచ్చువారికి గిరాకి తగ్గుచున్నదని నా పూర్వవిద్యార్థులు చెప్పుచున్నారు. అయినను యంత్రము నమ్మకముగా పలికిన యసత్యమును పట్టుకొను కన్ను కావలసియే యున్నది, ఆ కన్ను గైడుల వలన రాదు. సివిల్ సర్వీసు పరీక్షలో ఆంగ్లసాహిత్యమును ఐచ్ఛికవిషయముగా తీసికొనవచ్చును గాని, ఆ యొక్క యాశతో రెండేండ్లు గడపకుము.

తెలుగు చదువుట మాత్రము మానకుము. వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్తు నవలను చదివి, దాని ఛాయలో ‘రాజశేఖరచరిత్రము’ వ్రాయగా, అది ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేర 1887లో మరల ఆంగ్లమునకు పోయెను. అట్లు రెండు వైపులకు నడువగలవారు ఈనాడు అరుదు. సాహిత్యానువాదమొక్కటే కూడు పెట్టదు, నిజమే. కాని కోర్టులోనైనను పత్రికలోనైనను రెండు భాషలయందును గట్టిచేయి గలవారినే మొదట పిలుతురు.

ఈ లేఖ మీ నాన్నకు చదివి వినిపింపుము. హాస్టలు రుసుము నేను పంపెదను. నీవు ఒథెల్లో మూడవ అంకము మూడవ రంగమును, నిఘంటువు మాత్రమే దగ్గఱ నుంచుకొని చదివి, ఇయాగో మొట్టమొదట అబద్ధమాడినది ఏ పంక్తిలోనో, అది అబద్ధమని నీవెట్లు చెప్పగలవో, రెండు పుటలలో ఆంగ్లమున వ్రాసి దసరాలోపల పంపుము. దిద్ది తిరుగు టపాలో పంపెదను. మార్కులు మాత్రము వేయను.

ఇట్లు,
తాతయ్య