యంత్రం తప్పు చెప్పిన రాత్రి

1983 సెప్టెంబరు 26. అర్ధరాత్రి దాటింది. సోవియట్ యూనియన్ దేశంలో, మాస్కో నగరానికి కొంత దూరాన సైన్యం వారి కాపలా కేంద్రం ఉంది. ఆ రాత్రి అక్కడ డ్యూటీలో ఉన్న అధికారి పేరు స్తనిస్లావ్ పెత్రోవ్. వయసు 44 ఏళ్లు.

ఆ రోజుల్లో అమెరికాకు, సోవియట్ యూనియన్‌కు పడేది కాదు. రెండూ ఉప్పూ నిప్పూలా ఉండేవి. రెండు దేశాల దగ్గరా వేలకొద్దీ అణుబాంబులు ఉన్నాయి. అణుబాంబు అంటే మామూలు బాంబు కాదు. 1945లో జపాన్‌లోని హిరోషిమా నగరం మీద ఒక్కటే వేశారు. ఊరు ఊరంతా కాలిపోయింది. ఆ ఏడాది చివరికి సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా.

అమెరికా బాంబులు వదిలితే ముందే తెలియాలి. అందుకోసం సోవియట్ వాళ్లు ఆకాశంలోకి ఉపగ్రహాలను పంపారు. అవి చూసింది కంప్యూటర్ చెబుతుంది. కంప్యూటర్ చెప్పింది పెత్రోవ్ పై అధికారులకు చెప్పాలి. అదీ ఆయన పని.

ఉన్నట్టుండి సైరన్ మోగింది. అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని కంప్యూటర్ చెప్పింది. కాసేపటికి మరొకటి. ఆ తర్వాత ఇంకొకటి. మొత్తం ఐదు!

పెత్రోవ్‌కు చెమటలు పట్టాయి. ఆలోచించడానికి ఉన్నది కొద్ది నిమిషాలే. దాడి నిజమని చెబితే పై వాళ్లు ఎదురు బాంబులు వదలవచ్చు. అబద్ధమని చెబితే, అది నిజమే అయితే?

ఆయన ఇలా ఆలోచించాడు. నిజంగా యుద్ధానికి దిగేవాళ్లు ఐదే వదులుతారా? వందలు వదలరూ? పైగా ఈ యంత్రం కొత్తది. నేల మీద ఉన్న రాడార్లకు ఏమీ కనబడలేదు. ఇది తప్పుడు హెచ్చరిక అని ఆయన పై వాళ్లకు చెప్పాడు. అయినా మనసులో భయం పోలేదు.

నిమిషాలు గడిచాయి. ఏ బాంబూ పడలేదు.

మరి యంత్రం అలా ఎందుకు చెప్పింది? ఎత్తైన మబ్బుల మీద ఎండ పడి మెరిసింది. ఆ మెరుపునే ఉపగ్రహం క్షిపణి మంట అనుకుంది.

ఆ రాత్రి యుద్ధం వచ్చి ఉంటే? చచ్చేది ఆ రెండు దేశాల వాళ్లే కాదు. నగరాలు తగలబడితే మసి ఆకాశమంతా కమ్ముకుంటుంది. ఏళ్ల తరబడి ఎండ సరిగా రాదు. ఎండ లేకపోతే పంట ఎక్కడిది? యుద్ధంతో సంబంధం లేని పల్లెల్లో కూడా ఆకలి చావులే.

పెత్రోవ్‌కు అప్పుడు బహుమతి రాలేదు. రిజిస్టరు రాయలేదని మాట పడ్డాడు. ఆయన చేసిన మేలు లోకానికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆయన 2017లో కన్నుమూశాడు.

సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. బాంబులు మాత్రం పోలేదు. నేడు తొమ్మిది దేశాల దగ్గర సుమారు 12,000 ఉన్నాయి. మన దేశం దగ్గరా ఉన్నాయి. కంప్యూటర్లకు తెలివి పెరిగింది. అందుకే 2024 నవంబరులో అమెరికా, చైనా అధ్యక్షులు ఒక మాట అనుకున్నారు. అణుబాంబు వాడాలా వద్దా అన్నది మనిషే తేల్చాలి, యంత్రం కాదు.

యంత్రం వేగంగా చెబుతుంది. కానీ ఆగి, "ఇది నిజమేనా?" అని అడగాల్సింది మనిషే.

కొత్త మాటలు
ఉపగ్రహం: భూమి చుట్టూ తిరిగేలా మనిషి పంపిన యంత్రం
క్షిపణి: బాంబును మోసుకుపోయే రాకెట్

మాట్లాడుకోండి
1. పెత్రోవ్ యంత్రం మాట ఎందుకు నమ్మలేదు?
2. ఒక ఏడాదంతా ఎండ సరిగా రాకపోతే మీ ఊరి పంటలు ఏమవుతాయి?
3. ఏయే పనుల్లో యంత్రం మాట మీద మనిషి మాట ఉండాలి?