సభ్యుల ఈమెయిలు చిరునామాల రాశిని పరీక్షించు విధము

సహకార సంఘముల కార్యాలయములకు ఇటీవల కంప్యూటరులు వచ్చినవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సభ్యుల పట్టికలో పేరు, తండ్రి పేరు, సర్వే నెంబరు, విస్తీర్ణములతో పాటు ఈమెయిలు చిరునామాకు గూడ నొక గడి యేర్పడుచున్నది. గడి నిండినంత మాత్రమున పని పూర్తియైనదని తలచుట పొరపాటు. సర్వసభ్య సమావేశపు నోటీసు, విత్తనములు దిగినవను కబురు, పంటల బీమా గడువు, ఋణపు వాయిదా తేదీ మొదలగునవి యీ చిరునామాలకే పంపు సంఘములలో, ఒక్క యక్షరము తప్పినచో నొక రైతునకు గడువు తప్పును. కావున వందల కొలది, వేల కొలది చిరునామాలను ఒక్కుమ్మడిగా పరీక్షించు పద్ధతిని ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఈ పరీక్షకును, మన మెరిగిన విత్తన పరీక్షకును గల భేదమును గుర్తింపవలయును. వరి విత్తనమును పరీక్షించునపుడు రాశి నంతయు మొలకెత్తింపము. పలు చోట్ల నుండి నమూనా తీసి, నూరేసి గింజల చొప్పున నాలుగు దఫాలు, అనగా 400 గింజలను మొలకకు పెట్టుదుము. నూటికి 80 మొలచినచో ధ్రువీకరణ ప్రమాణమునకు సరిపోవును. మొలవని యిరువదింటికి బదులు విత్తన మోతాదు కొంచెము హెచ్చించినచో నారుమడి నిండును. చిరునామాల రాశి యట్టిది గాదు. ఎనుబది మందికి ఉత్తరము చేరి యిరువది మందికి చేరనిచో, చేరిన వారికే రెండేసి పంపుటవలన ఆ యిరువది మందికి కలుగు లాభమేమి? గింజకు గింజ బదులగును గాని సభ్యునకు సభ్యుడు బదులు గాడు. నమూనా పరీక్ష రాశి యెంత చెడినదో తెలిసికొనుటకు మాత్రము పనికివచ్చును; అసలు పని పేరు పేరునను చేయవలసినదే. అంత పని చేతితో సాగదు గనుకనే యంత్రము సహాయము కావలసివచ్చినది.

ఈమెయిలు చిరునామాలో రెండు భాగములు కలవు. నడుమ 'ఎట్' అను గుర్తు, అనగా ఆంగ్లపు ఏ యక్షరమును వలయము చుట్టినట్లుండునది. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ఉత్తరము పంపుటకై దీని నేర్పరచెను. గుర్తునకు ముందున్నది పెట్టె పేరు. వెనుక నున్నది డొమైను, అనగా ఆ పెట్టె యే టపా కచేరిలో నున్నదో తెలుపు పేరు. పరీక్ష వెనుక భాగమునకు వేరు, ముందు భాగమునకు వేరు.

పని నారంభించుటకు ముందు అసలు పట్టికకు నకలు తీసి నకలు మీదనే పని చేయవలయును. అసలు పట్టికలో ఒక్క యక్షరమైనను దిద్దరాదు. ఎక్సెల్ వంటి పట్టీలలో 'ట్రిమ్' అను సూత్రము చిరునామాకు ముందు వెనుకల నున్న ఖాళీలను తొలగించును. 'కౌంటిఫ్' అను సూత్రము ఒకే చిరునామా ఎన్ని మారులు వచ్చినదో లెక్కించి చెప్పును. ఈ రెండవ లెక్కను ఎవ్వరును ఉపేక్షింపరాదు. రైతునకు ఈమెయిలు లేనపుడు దరఖాస్తు నింపు నెట్ సెంటరువారు తమ చిరునామానే వ్రాసి గడి నింపుట పల్లెలలో వాడుక. అట్లు నలుబది మంది సభ్యులకు ఒకే చిరునామా యుండవచ్చును. ఆ చిరునామా బ్రతికియే యుండును. ఏ యంత్రము పరీక్షించినను 'సరియైనది' యనియే చెప్పును. కాని ఆ నలుబది మందిలో ఒక్కనికైనను నోటీసు అందదు. జీమెయిలు విషయమున మరియొక చిక్కు గలదు: ముందు భాగములోని చుక్కలను అది లెక్కింపదు. పేరును కలిపి వ్రాసినను, నడుమ చుక్క పెట్టి వ్రాసినను పెట్టె యొక్కటే. కావున చుక్కలు తీసివేసిన రూపమున గూడ సరిపోల్చవలయును. ఇతర డొమైనుల కీ పద్ధతి వర్తింపదు.

పిదప రూప పరీక్ష. ఇది చేటతో చెరుగుట వంటిది. తాలు పోవును గాని పుచ్చు గింజ పోదు. ముందు భాగము 64 అక్షరములకు మించరాదు. సాధారణ చిరునామాలలో చుక్కతో ఆరంభింపరాదు, చుక్కతో ముగియరాదు, రెండు చుక్కలు ప్రక్కప్రక్కన రారాదు. చుక్కకు బదులు కామా, 'కామ్'నకు బదులు 'కాన్', 'జీమెయిల్'నకు బదులు 'జీమియల్' — ఇవి మనకు నిత్యము కనబడు తప్పులు. వీనిలో 'కాన్' అను కొస లోకములో లేనే లేదు గనుక అది సులభముగా పట్టుబడును. తక్కిన యక్షర దోషములు కొన్ని నిజముగానే ఎవరో కొని యుంచుకొన్న డొమైనులగుటచే పై పరీక్షలలో గూడ నెగ్గిపోవును. దోషము తెలిసినను మనంతట మనము దిద్దరాదు. గుర్తు పెట్టి సభ్యు నడిగి దిద్దవలయును. ఏలయన, ఊహించి దిద్దిన చిరునామా అన్యుని దైనచో సభ్యుని ఋణపు లెక్క అన్యుని చేతిలో పడును.

ఇచ్చట తెలుగువారము గమనింపవలసిన దొకటి కలదు. ఆంగ్లేతర లిపులతో చిరునామాలు వ్రాయుటకు 2012లో ప్రమాణము లేర్పడినవి. తెలుగు లిపిలో 'భారత్' అను కొసయు కలదు. పాత పరీక్షా యంత్రములు వీనిని చూచినంతనే 'చెల్లదు' అని త్రోసివేయును. తెలుగు లిపిలో చిరునామా యిచ్చిన సభ్యుడు దొరకినచో అతని పేరును ప్రత్యేకముగా చూడవలయును గాని కొట్టివేయరాదు.

మూడవది డొమైను పరీక్ష. ప్రతి డొమైనునకు తన టపా నందుకొను సర్వరు ఏదో తెలుపు పద్దు బహిరంగముగా నుండును. దీనిని 'ఎమ్.ఎక్స్.' పద్దు అందురు. 1986 నుండి వాడుకలో నున్నది. ఈ పద్దు లేకున్నను డొమైనుకు సర్వరు చిరునామా యున్నచో టపా చేరుట కవకాశము గలదు. రెండును లేనిచో ఉత్తరము పోవుటకు దారియే లేదు. కొందరు 'మేము టపా పుచ్చుకొనము' అని తెలుపుటకు శూన్యమైన పద్దు నుంచుదురు. దానికి 2015లో ప్రమాణ మేర్పడినది. ఈ పరీక్షలో శ్రమ తక్కువ. రెండు వేల చిరునామాలలో జీమెయిలు, యాహూ వంటివే విస్తారముగా నుండుటచే, వేరువేరు డొమైనులు కొలదిగానే తేలును. ఒక్కొక్క డొమైనును ఒక్కమారు చూచిన చాలును.

నాలుగవ పరీక్ష పెట్టె యున్నదా లేదా యని సర్వరునే అడుగుట. 1982 నాటి టపా నిబంధనలలో దీనికై 'వెరిఫై' అను ఆజ్ఞయే యుండెను. అక్కరలేని ఉత్తరములు పంపువారు దీనిని దుర్వినియోగము చేయుటచే నేడు అనేక సర్వరులు దానికి సరియైన ప్రత్యుత్తర మీయవు. కావున పరీక్షకులు వేరొక యుపాయము పన్నిరి. టపా తెచ్చినట్లే సర్వరును పలుకరించి, పంపువాని పేరు చెప్పి, 'ఈ పేరుగల వారికి ఉత్తరమున్నది, పుచ్చుకొందువా?' అని యడిగి, ప్రత్యుత్తరము రాగానే ఉత్తర మీయకయే వెడలివత్తురు. 250 అను అంకె వచ్చినచో అంగీకారము. 550 వచ్చినచో నిరాకరణము. దాని వెంట 5.1.1 అని యున్నచో అట్టి పెట్టె లేదని అర్థము, 5.7.1 అని యున్నచో పెట్టె మాట యటుంచి, అడిగిన వానినే సర్వరు నమ్మలేదని అర్థము. ఈ రెంటిని ఒకటిగా తలచి బ్రతికియున్న చిరునామాలను కొట్టివేయు గుమాస్తాలు కలరు. 450, 451 వంటివి 'ఇప్పుడు కాదు, తరువాత రమ్ము' అనుట. క్రొత్తవారిని ముందు ఒకమారు త్రిప్పిపంపు ఆచారము 2003 నుండి కొన్ని సర్వరులలో నున్నది. మరికొన్ని డొమైనులు ఏ పేరు చెప్పినను 'సరే' యనును. అచ్చట 250కి విలువ లేదు.

ఈ నాలుగవ పరీక్షను సంఘ కార్యాలయములోని కంప్యూటరు మీద వేల కొలది చేయ పూనుకొనుట మాకు సమ్మతము గాదు. అట్లు తలుపు తట్టి పారిపోవువారిని పెద్ద సర్వరులు దొంగల జాబితాలో చేర్చును. ఆ పిదప సంఘము పంపు నిజమైన నోటీసులు గూడ చెత్తపెట్టెలో పడును. డబ్బు పుచ్చుకొని ఈ పని చేయు కంపెనీలు పెక్కు కలవు. వారికి జాబితా నిచ్చునపుడు చిరునామాల గడిని మాత్రమే యీయవలయును. పేరు, ఫోను, భూమి వివరములు ఈయరాదు. సభ్యుడు ఏ ప్రయోజనమునకు సమ్మతించి తన వివరము లిచ్చెనో ఆ ప్రయోజనమునకే వానిని వాడవలెనను సూత్రము 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమునకు మూలము. పరీక్ష ముగిసిన పిమ్మట జాబితాను తుడిచివేయుదురా యని ముందే వ్రాతమూలముగా అడుగవలయును.

ఫలితములను సరి, చెడు, సందేహము అని మూడు కుప్పలు చేయుదురు. సందేహపు కుప్పను చెడు కుప్పలో కలుపుట సోమరితనము. వారికి కొలది మంది చొప్పున నిజమైన ఉత్తరము పంపి తిరుగు టపా వచ్చునేమో చూడవలయును. సర్వరు 'తరువాత' అన్నచో పంపు సర్వరు నాలుగైదు దినములైనను మరల మరల యత్నించుట ప్రమాణము; కావున వారము గడువక తీర్పు చెప్పరాదు. ఒక్క దినమున వేల ఉత్తరములు పంపు పెద్ద సంఘములకు మరియొక జాగ్రత్త: 2024 ఫిబ్రవరి నుండి జీమెయిలు పెట్టెలకు దినమునకు 5,000కు పైగా ఉత్తరములు పంపువారు తమ డొమైను గుర్తింపు పద్దులు ఉంచుకొనవలయును. చెత్తయని గ్రహీతలు చేయు ఫిర్యాదులు నూటికి 0.3 చేరకుండ చూచుకొనవలయును.

ఒకమారు పరీక్షించిన జాబితా శాశ్వతము గాదు. రెండు సంవత్సరములు తెరువని సొంత ఖాతాలను గూగుల్ సంస్థ 2023 డిసెంబరు నుండి తొలగింప నారంభించినది. పల్లెలలో క్రొత్త ఫోను కొన్నపుడెల్ల అంగడివారు క్రొత్త ఖాతా తెరచి యిత్తురు. పాతదాని సంకేతపదము ఎవ్వరికిని జ్ఞప్తి యుండదు. తెరువని ఆ పాత పెట్టె కొన్నాళ్లు ఉత్తరములు మ్రింగుచు, యంత్రమునకు సరిగానే కనబడుచు, పిదప నశించును. రైతు తన పొలములో ఎప్పటివలెనే యుండును.

అందుచేత కడపటి పరీక్ష సంఘపు బల్లయొద్ద జరుగవలసినదే. ఎరువునకో ఋణమునకో సభ్యుడు వచ్చినపుడు, అతడు నిలుచుండగనే అతని చిరునామాకు నాలుగంకెల సంఖ్య గల ఉత్తరము పంపి, అతని ఫోనులో తెరపించి, ఆ సంఖ్యను చదివించి, పట్టికలో ఆనాటి తేదీ వేయవలయును. కుమారుని ఫోనులో నున్నచో 'కుమారుని ద్వారా' అని వ్రాయవలయును. తేదీ గడి ఖాళీగా నున్న ప్రతి సభ్యునకును, అతని చిరునామాను యంత్రము సరియని చెప్పినను, సర్వసభ్య సమావేశపు నోటీసు ఈమెయిలుతో పాటు పోస్టుకార్డు మీదను వెళ్లవలయును. చెడు కుప్పలోని వారికి పోస్టుకార్డును ముందుగానే వేయవలయును.