పాత లారీకి డీజిల్ సరిగా అందాలంటే

ఘాటు రోడ్డు మీద లారీ ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. వెనక టమాటా లోడు ఉంది. సాయంత్రానికి మార్కెట్టుకు చేరకపోతే సరుకు పాడైపోతుంది. "పంపు పోయింది. వేలకు వేలు ఖర్చు" అంటాడు క్లీనరు. నిజంగా పంపే పోయిందా? ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. తర్వాత డీజిల్ వచ్చే దారి చూడండి.

డీజిల్ దారి

ట్యాంకులో డీజిల్‌ను ఫీడ్ పంపు లాగుతుంది. ఫిల్టరు గుండా పెద్ద పంపుకు తోస్తుంది. పెద్ద పంపు దాన్ని గట్టిగా నొక్కి ఇంజెక్టరుకు పంపుతుంది. అక్కడ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలు ఉంటుంది. ఫీడ్ పంపు ఇచ్చే ఒత్తిడి చాలా తక్కువ. కానీ అది తగ్గితే పెద్ద పంపుకు డీజిల్ చాలదు. ఇంజను లాగదు.

గాలి పడితే

పొలంలో మోటారు చూశారు కదా! సక్షన్ పైపుకు చిల్లు పడితే నీళ్లు ఎక్కవు. లారీ కూడా అంతే. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు చిట్లిందనుకోండి. ఇంజను నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు. గాలే లోపలికి పోతుంది. అందుకే లోపం కంటికి కనబడదు.

ముందు ఏం చూడాలి?

1. ట్యాంకు మూత తీయండి. బుస్సుమని శబ్దం వచ్చిందా? అయితే గాలి రంధ్రం మూసుకుపోయింది. శుభ్రం చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

2. పైపులు, క్లిప్పులు, రాగి వాషర్లు చూడండి. వదులుగా ఉంటే బిగించండి. అరిగితే మార్చండి.

3. ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదిలేయండి. గడువు దాటితే కొత్త ఫిల్టరు వేయండి.

4. పెద్ద పంపు నుంచి ట్యాంకుకు తిరిగిపోయే పైపు మొదట్లో స్ప్రింగు వాల్వు ఉంటుంది. ఒత్తిడిని నిలబెట్టేది అదే. దాని బదులు మామూలు బోల్టు వేయకండి.

గాలి తీయడం

ఇంజను ఆపండి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానీయకండి. ఫిల్టరు పైన ఉన్న స్క్రూను కొంచెం వదులు చేయండి. చేతి పంపు కొట్టండి. మొదట నురగ వస్తుంది. బుడగలు లేని డీజిల్ వచ్చాక, కొడుతూనే స్క్రూ బిగించండి. పెద్ద పంపు స్క్రూ దగ్గరా ఇలాగే చేయండి. చివరికి చేతి పంపు పిడి బిగించడం మరవకండి.

జాగ్రత్త!

ఇంజెక్టరు చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టకండి. అది చర్మంలోకి దూసుకుపోతుంది. సూది పోటంత గాయమైనా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యం చేస్తే వేలు తీసేయాల్సి రావచ్చు. పెద్ద పంపు సీలు విప్పకండి. కొత్త రకం లారీల్లో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ పాఠం పాత లారీలకే.

ఇంత చేసినా లారీ లాగకపోతే మెకానిక్కు చూపించండి. గేజీ పెట్టి ఒత్తిడి చూడమనండి. ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ అంకె, గేజీలో అంకె రెండూ మీరే చదవండి. ఆ తర్వాతే పంపుకు డబ్బు పెట్టండి. ఫిల్టరు మార్చిన తేదీ, కిలోమీటర్లు నోటు పుస్తకంలో రాసుకోండి.

జవాబులు రాయండి

1. ఫీడ్ పంపు ముందు పైపు చిట్లితే డీజిల్ ఎందుకు కారదు?

2. ట్యాంకు మూత తీస్తే బుస్సుమంటే ఏం చేయాలి?

3. మీ ఊరి డ్రైవరును అడిగి, ఫిల్టరు ఎన్ని కిలోమీటర్లకు మారుస్తారో రాయండి.