చలికి ఇంట్లో చేరే పురుగులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. అక్టోబరు వచ్చిందంటే కర్టెన్ మడతల్లో, కిటికీ అంచుల్లో గోధుమరంగు పురుగులు. నలిపితే గదంతా కంపు. ఇంట్లో పాకే పాప ఉంది. కుడతాయేమో, గుడ్లు పెట్టేస్తాయేమో అని భయంగా ఉంది. జనవరిలో కూడా కొత్తవి వస్తూనే ఉన్నాయి.
- ఒక గృహిణి, ఎడిసన్

జవాబు: ముందు ఆ భయం తీసేయండమ్మా. ఒళ్లు డాలు ఆకారంలో ఉండి, మీసాల మీద తెల్లటి పట్టీలు ఉంటే అది స్టింక్ బగ్. కుట్టదు, చెక్క తినదు, చలికాలం ఇంట్లో గుడ్లు పెట్టదు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఈ పురుగు 1990ల చివర్లో మీ పొరుగునే, పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో బయటపడింది. 2010లో ఆ చుట్టుపక్కల ఆపిల్ రైతులను నిలువునా ముంచింది. తోటలకు శత్రువే గానీ మీ ఇంటికి వచ్చేది తలదాచుకోవడానికే.

జనవరిలో కనిపించేవి కొత్తవి కావు. శరదృతువులోనే గోడల సందుల్లో, యాటిక్‌లో దూరినవి హీటర్ వేడికో, ఎండ కాసిన రోజునో మేలుకుని వెలుతురు వైపు వస్తాయి. అందుకే అన్నీ కిటికీల దగ్గరే.

నలపకండి. వెడల్పు మూతి సీసాలో నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి పురుగు కిందుగా పట్టుకుని మెల్లగా కదపండి. బెదిరిందంటే పట్టు వదిలి కిందికి రాలడం దాని అలవాటు, నేరుగా సీసాలోనే పడుతుంది. వాక్యూమ్‌తో లాగేస్తే ఆ కంపు మెషిన్‌లో చాలాకాలం ఉండిపోతుంది. రాత్రి గది చీకటి చేసి, రేకు ట్రేలో సబ్బు నీళ్లు పోసి పైన దీపం పెడితే అవే వచ్చి పడతాయి. 2014లో వర్జీనియా టెక్ పరిశోధకులు పోల్చి చూస్తే, దుకాణంలో కొన్న ఉచ్చుల కన్నా ఇదే 14 రెట్లు ఎక్కువ పట్టింది. పాపకు ట్రే, దీపం వైరు అందకుండా చూసుకోండి.

ప్రశ్న: ఈ స్టింక్ బగ్‌లకు గోడల సందుల్లో మందు కొట్టిస్తే పీడ వదులుతుందని మావారు అంటున్నారు. కొట్టించమంటారా?
- మరో పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: వద్దు, గట్టిగా చెబుతున్నాను. గోడలో చచ్చిన పురుగుల కోసం కార్పెట్ బీటిల్స్ చేరతాయి. వాటి పిల్లపురుగులు ముందు ఆ కళేబరాలు తింటాయి, తర్వాత ఉన్ని మీద, పట్టు మీద పడతాయి. అమ్మ ఇచ్చిన కంచిపట్టు, పెళ్లినాటి ధర్మవరం చీర బీరువాలోనే చిల్లులు పడతాయి. ఆ చీరలను ఇప్పుడే తీసి మడతలు విప్పి చూడండి. మరకలున్నవి శుభ్రం చేయించి, గట్టిగా మూత పడే పెట్టెలో పెట్టండి.

స్టింక్ బగ్‌లు లోపలికి రాకుండా సందులు మూయడమే అసలు పని. అది ఆగస్టు, సెప్టెంబరుల్లో, అదీ బయటి వైపు నుంచి చేయాలి. పగటిపూట యాటిక్ ఎక్కి లైటు ఆర్పి చూడండి, వెలుగు చార కనిపించిన ప్రతిచోటా వాటికి దారి ఉన్నట్టే. కిటికీ చట్రాల సందులకు సిలికాన్ కాక్, గాలి కన్నాలకు సన్నటి జాలీ, తలుపు కింద రబ్బరు పట్టీ. పైపులు, కేబుళ్లు గోడలో దూరే చోట్లు చాలామంది మరిచిపోతారు. కిటికీ ఏసీ ఉంటే తీసేయండి. అద్దె ఇల్లయితే ఆగస్టులోనే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి.

ప్రశ్న: మా ఇంటి దక్షిణపు గోడ నిండా అక్షింతల పురుగులు. పంటకు మేలు చేసేవి కదా, చంపబుద్ధి కావడం లేదు.
- ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: తల వెనక తెల్లటి భాగం మీద నల్లగా ఇంగ్లిషు ఎం అక్షరంలా ఉందేమో చూడండి. ఉంటే అది ఆసియా రకం. పేనుబంకను తింటుందనే అమెరికాలో వదిలారు, అది నిజమే. కానీ బెదిరిస్తే కాళ్ల కీళ్ల నుంచి పసుపుపచ్చ ద్రవం కారుస్తుంది, తెల్ల కర్టెన్ మీద పడితే మరక. కొందరికి వీటివల్ల అలర్జీ వస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే మాత్రం తాత్సారం చేయకుండా ఎత్తేయించండి. లేదంటే నలపకుండా చీపురుతో డబ్బాలోకి తోసి, చలి తగ్గి ఎండ కాసిన రోజున చెట్ల దగ్గర వదలండి. గడ్డకట్టే చలిలో వదిలితే చంపినట్టే.